పునాదిలో ఎంత పోతుందో ముందే చూసుకోండి వదినా

వదినా, ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రా. మీ పెద్దోడు తిరువళ్ళూరు పక్క సైటు చూసి వచ్చినాడంట కదా, మా ఆయన చెప్పినాడు. అడ్వాన్సు ఇచ్చేసినారా? ఇంకా లేదా? మంచిదైంది. ఇవ్వకముందే నీతో మాట్లాడాలని పొద్దున్నుంచి చూస్తున్నాను.

టౌనులో అడిగే ధరలో సగానికే వస్తోందని వాడు సంబరపడుతున్నాడంట. పడనీ, పిల్లవాడు కష్టపడి కూడబెట్టిన డబ్బు. కానీ వదినా, ఆ పక్క పొలాల్లో వేసిన లేఅవుట్లలో సైటుకు కట్టే ధర ఒకటి, ఆ నేలమీద ఇల్లు నిలబెట్టడానికి నేల అడిగే ధర ఇంకొకటి. మొదటిది కాగితం మీద కనబడుతుంది. రెండోది జేసీబీ దిగిన తరువాతగానీ తెలియదు. మా తమ్ముడు తిరువళ్ళూరు దగ్గర ఇల్లు కట్టినాడు కదా, మేము ఇక్కడ తిరుత్తణిలో కట్టుకున్నాం. రెండూ కళ్ళారా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

తమ్ముడి సైటు ఒకప్పుడు మడి. రాళ్ళు పాతి, రంగులేసి, మధ్యలో తారురోడ్డు వేసి అమ్మినారు. రోడ్డు ఎత్తుగా ఉంది, సైటు రెండడుగులు పల్లంలో ఉంది. మేస్త్రి చదరపు అడుగుకు ఇంత అని రేటు మాట్లాడినాడు. అగ్రిమెంటులో అయిదడుగుల లోతు పునాది, మూడడుగుల బేస్‌మెంటు అని రాసుకున్నారు. తవ్వితే అయిదడుగులు దాటినా చేతికంటుకునే బంకమన్నే. ఆరడుగుల దగ్గర నీళ్ళు ఊరడం మొదలైంది. అక్కడినుంచి ప్రతి అంగుళానికీ మేస్త్రి ‘ఎక్‌స్ట్రా’ అంటూ వచ్చినాడు. అందులో ఆయన తప్పేం లేదు, కాగితంలో అయిదడుగులనే ఉంది. బేస్‌మెంటు కూడా నేల మట్టం నుంచి మూడడుగులని రాసినారు, రోడ్డు మట్టం నుంచి కాదు. నేలే రెండడుగులు పల్లం అయినప్పుడు రోడ్డుకు పైన మిగిలేది ఒక్క అడుగు. దానికీ ఎక్‌స్ట్రా.

బ్యాంకు వాళ్ళు ఇస్తారులే అనుకోవద్దు. చాలా బ్యాంకులు ఇంటిలోను ఒకేసారి ఇవ్వవు. బేస్‌మెంటు అయినాక ఒక విడత, లింటెల్‌కు ఒకటి, స్లాబుకు ఒకటి, ఇలా పని చూసి ఇస్తారు. అంటే మన్ను పనికీ, అస్తివారానికీ పెట్టేదంతా ముందు మన చేతిలోంచే పోవాలి. మా మరదలి నగలు తాకట్టుకు పోయింది ఆ గుంతల దగ్గరే, గోడలు లేవకముందే.

ఎంత తేడా ఉంటుందో లెక్క చెబుతాను విను. మా ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నాడు, అందుకే నా నోటికి వచ్చేసింది. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, తొమ్మిది స్తంభాల ఇల్లు అనుకో. నడిమి స్తంభం మీద సుమారు 30 టన్నుల బరువు దిగుతుంది. మన తిరుత్తణి ఎర్ర గరుసు నేలలో ఇంజనీరు చదరపు మీటరుకు 20 టన్నుల బలం లెక్కకు తీసుకున్నాడనుకో, నాలుగడుగులకు నాలుగడుగుల ఫుటింగు సరిపోతుంది. అదే మెత్తటి బంకమన్నులో 10 టన్నులే పెట్టుకోవాల్సి వస్తే ఆరుకు ఆరు కావాలి. పక్కకు రెండడుగులేగా పెరిగింది అనిపిస్తుంది. విస్తీర్ణం చూస్తే 16 చదరపు అడుగులు 36 అవుతుంది.

ఇక గుంత. మనిషి దిగి పని చెయ్యాలంటే చుట్టూ ఒక అడుగు ఖాళీ ఉండాలి. మన పక్క ఆరుకు ఆరు, నాలుగడుగుల లోతు, తొమ్మిది గుంతలు తవ్వితే 1,296 ఘనపుటడుగుల మన్ను. అక్కడ ఎనిమిదికి ఎనిమిది, ఆరడుగుల లోతు, తొమ్మిది గుంతలంటే 3,456. కాంక్రీటు చూడు. ఇక్కడ పదిహేను అంగుళాల మందంతో 180 ఘనపుటడుగులు, ఎం20 మిక్సులో దాదాపు 41 బస్తాల సిమెంటు. అక్కడ అడుగున్నర మందంతో 486 ఘనపుటడుగులు, సుమారు 110 బస్తాలు. ఇల్లు అదే, గదులు అవే, పైన చూసేవాళ్ళకు తేడా ఏమీ కనబడదు. కింద ఒక్క ఫుటింగుల్లోనే 70 బస్తాల సిమెంటు, దానికి తగ్గ కమ్మీ, జల్లి, ఎంశాండు ఎక్కువ. అన్ని ఫుటింగులనూ నడిమి దానికి సమానంగా వేసుకుంటే వచ్చే లెక్క ఇది. మూల స్తంభాలకు కొంచెం తగ్గుతుంది, అయినా దామాషా అలాగే ఉంటుంది.

తవ్వి తీసిన మన్ను సంగతి ఇంకొకటి. మన గరుసు మన్నయితే తిరిగి బేస్‌మెంటులోనే పోసుకోవచ్చు. ఆ బంకమన్ను పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైన వేసిన టైల్సును పగలగొడుతుంది. దాన్ని బయటికి తోలడానికి ఒక బాడుగ, మంచి మన్ను లోపలికి తోలడానికి ఒక బాడుగ.

ఎత్తు పెంచడం దగ్గర కూడా పిల్లోడికి చెప్పు. అర గ్రౌండు, అంటే 1,200 చదరపు అడుగుల సైటు రోడ్డుకు రెండడుగులు పల్లంలో ఉంటే, దాన్ని రోడ్డు మట్టానికి తేవడానికే 2,400 ఘనపుటడుగులు, మన లెక్కలో 24 యూనిట్లు కావాలి. అందులో 800 చదరపు అడుగుల ఇంటికి రోడ్డు పైన మూడడుగుల బేస్‌మెంటు లేపితే, గోడల మందం తీసెయ్యకుండా చూస్తే ఇంకో 24. మన్ను దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి పాతిక శాతం ఎక్కువ తోలాలి. అంటే 48కి 60 యూనిట్లు. మూడు యూనిట్లు పట్టే టిప్పరుతో 20 లోడ్లు! సైటు కొన్నప్పుడు ఈ 20 లోడ్లు ఎవరైనా లెక్క కట్టినారా? మూడడుగుల ఎత్తు దండగ అని మాత్రం అనుకోవద్దు. 2015 డిసెంబరులో, 2021 నవంబరులో వానలకు ఈ పక్క ఎన్ని ఇండ్లలోకి నీళ్ళు వచ్చినాయో మనం చూసినాం కదా. పూండి నిండి గేట్లు తెరిస్తే కొసస్తలై దిగువన ఉన్నవాళ్ళకు నిద్ర ఉండదు. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదానిమీదే కొత్త పొర వేస్తే, పదేళ్ళకు మన గడప రోడ్డుకు కిందికి పోతుంది. కట్టేది ఒక్కసారే. ఎత్తు దగ్గర పిసినారితనం వద్దు.

తోలేటప్పుడు కూడా ఎవరో ఒకరు దగ్గర నిలబడాలి. కూల్చిన ఇండ్ల పెళ్ళలు, చెట్ల మొద్దులు, ప్లాస్టిక్ చెత్త కలిపి తెచ్చి పోసేస్తారు. ముందు మడిలో పైనున్న నల్లమన్నును, వేళ్ళు దుబ్బులతో సహా గీకి తీసెయ్యాలి. తరువాత ఆరు అంగుళాలు, మహా అయితే తొమ్మిది అంగుళాల పొరగా పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టించి, ఆపైన మరో పొర. ఒకేసారి అయిదడుగులు పోసి, ‘వానకు అదే అణుగుతుందిలే’ అంటే ఒప్పుకోవద్దు. అణుగుతుంది, నిజమే, కానీ హాలులో టైల్సు వేసినాక అణుగుతుంది. ఎంత బాగా దిమ్మిస కొట్టినా ఇంటి ఫుటింగును మాత్రం ఆ పోసిన మన్నుమీద కూర్చోబెట్టకూడదు వదినా. దాన్ని దాటుకుని కింద అసలు నేలదాకా దిగాల్సిందే. మన్ను పోసి ఎత్తు చేసినకొద్దీ స్తంభం కాలు పొడుగవుతుందన్నది చాలామంది మరిచిపోతారు.

‘కొనకముందే కింద ఏముందో ఎట్లా తెలుస్తుంది, కళ్ళకు కనబడేదా’ అంటావా? తెలుస్తుంది వదినా. కనిపెట్టడానికి దారులున్నాయి.

మొదట కాగితాలు చూడాలి. పట్టా, విల్లంగం అందరూ చూస్తారు. ఏ-రిజిస్టరులో ఆ సర్వే నంబరు నంజై అని ఉందా, పుంజై అని ఉందా అన్నది చూడమను. నంజై అంటే మాగాణి, తరతరాలుగా నీళ్ళు నిలబెట్టి వరి పండించిన నేల. అక్కడ బంకమన్ను ఉంటుందని ముందే మనసులో పెట్టుకోవాలి. ఎఫ్‌ఎంబీ స్కెచ్చు కూడా తీసుకొమ్మను. పాత బావి, కాలువ, వాగు ఏమైనా ఉంటే అందులో గుర్తులు ఉంటాయి. బావి పూడ్చి దానిమీద సైటు వేస్తే, ఇల్లు సగం అసలు నేలమీద, సగం పూడ్చిన మన్నుమీద నిలబడాలి. అలాంటి సైటు ఎంత తక్కువకు వచ్చినా నేనైతే వద్దంటాను.

తరువాత పక్కవాళ్ళను అడగాలి. బోరు వేసినవాళ్ళుంటే కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దిగిందో అడగమను. మెత్తటి మన్ను ఉన్నంతవరకు కూలిపోకుండా కేసింగ్ దించుతారు, గట్టి రాయి తగిలినాక ఆపేస్తారు. ఆ ఒక్క లెక్కతో రాయి ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేని సంగతి ఇది, ఎవరూ అడగరు. దగ్గర్లో పాత దిగుడుబావి ఉంటే దాని గోడ చూసినా చాలు. ఎక్కడిదాకా బంక, ఎక్కడ గులక, ఎక్కడ రాయి అన్నది పొరలు పొరలుగా కనబడుతుంది. ఎండాకాలంలో సైటు నిండా అరచెయ్యి దూరేంత నెరియలు విచ్చి ఉంటే అది ఉబ్బే మన్ను. ఒక ముద్ద తడిపి అరచేతిలో పేని చూడమను. తెగకుండా సన్నటి తాడులా సాగితే బంక ఎక్కువ. పేనకముందే విడిపోతే ఇసుక, గరుసు.

అయినా ఇవన్నీ ఊహే. నిజం తెలియాలంటే గుంత తవ్వాలి. సైటు ఓనరును అడిగి రెండు మూలల్లో ఏడెనిమిది అడుగుల గుంతలు జేసీబీతో తవ్వించి చూడాలి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే. పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే సాయిల్ టెస్టు చేయించాల్సిందే. చిన్న సైటులో రెండు చోట్ల బోరు గుంతలు వేసి రిపోర్టు ఇవ్వడానికి అయ్యేది ఒక టన్ను కమ్మీ ధరకన్నా తక్కువే. ఆ రిపోర్టు లేకపోతే ఇంజనీరు భయపడి ఎక్కువ కమ్మీ వేస్తాడు, లేదంటే ధైర్యం చేసి తక్కువ వేస్తాడు. రెండూ మనకే నష్టం.

నాలుగడుగుల్లో గులక పొర తగలగానే ‘గట్టి వచ్చేసింది, చాలు’ అంటారు తవ్వేవాళ్ళు. ఆ మాట వెంటనే నమ్మకూడదు. పూండి దగ్గర అత్తిరంపాక్కం ఉంది చూడు, 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆదిమానవుల రాతి పనిముట్లు కనుక్కున్న చోటు. తరువాత శాంతి పప్పు గారి బృందం అక్కడ ఏళ్ళ తరబడి తవ్వి, ఆ పనిముట్లు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో లోకానికి చెప్పినారు. ఆ తవ్వకాల్లో అడుగున బంకమన్ను, దానిమీద ఎర్రటి గులక, మళ్ళీ పైన బంక కలిసిన మన్ను బయటపడినాయి. కొసస్తలై ఏరు లక్షల ఏళ్ళుగా పరిచిపోయిన పొరలవి. అందుకే ఆ పక్క గులక తగిలినా, గడ్డపారతో ఇంకో రెండు మూడడుగులు పొడిచి కింద ఏముందో చూసుకోవాలి.

బంకమన్ను మరీ లోతుగా ఉంటే విడి ఫుటింగులు వదిలేసి అండర్‌రీమ్డ్ పైల్స్ అడగమను. రూర్కీలోని కట్టడాల పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్ళు మన దేశపు నల్లరేగడి నేలల కోసమే పైకి తెచ్చిన పద్ధతి. సన్నటి గుంత మూడున్నర మీటర్లు, అంతకన్నా లోతుకు దించి, అడుగున గుండ్రంగా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. పై మన్ను ఉబ్బినా కుంచించుకున్నా ఇంటికి ఏమీ కాదు. పెద్ద పెద్ద గుంతలు తవ్వి నీళ్ళు తోడే ఖర్చుతో పోల్చితే ఒక్కోసారి ఇదే చవక. మేస్త్రికి అలవాటు లేక వద్దంటాడు. అక్కడ ఇంజనీరు మాట వినాలి.

అట్లని తిరుత్తణిలో అంతా సుఖమే అని చెప్పను. కొండ వారన సైట్లు కొన్నవాళ్ళను అడుగు. రాయి మీద కట్టుకుంటే పునాదే అక్కరలేదనుకుంటారు. మూడడుగుల్లో బండ తగిలితే జేసీబీ బకెట్టు పనిచెయ్యదు, బ్రేకరు తెప్పించాలి. దానికి గంట లెక్క. బండి వచ్చిపోయే బాడుగ వేరు, డ్రైవరు బత్తా వేరు, రెండుమూడు గంటలకు తక్కువైతే రానే రారు. ఇండ్ల మధ్య మందు పెట్టి పేల్చడానికి వీల్లేదు, పేల్చకూడదు కూడా. సంపుకూ, సెప్టిక్ ట్యాంకుకూ తవ్వేటప్పుడు ఇంకా కష్టం. పైన వాలు ఉంటే ఒక పక్క చెక్కాలి, ఇంకో పక్క రాతికట్టడంతో అడ్డుగోడ లేపి మన్ను నింపాలి. చూసేదానికి తూర్పు ముఖం, కొండ కనబడే సైటు, కానీ ఆ అడ్డుగోడకు ఒక గది ఖర్చు పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం సగం బండ, సగం మన్ను ఉన్న సైటు. బండమీద నిలబడిన స్తంభం కదలదు, మన్నుమీది స్తంభం కొంచెమైనా దిగుతుంది. రెండిటికీ నడుమ గోడ ఏటవాలుగా చీలుతుంది. ఇటువంటిచోట మన్నువైపు ఫుటింగులను కూడా బండ తగిలేదాకా దించాలి. ఏటవాలు బండమీద మెట్లుగా చెక్కి కూర్చోబెట్టాలి. స్తంభాలన్నిటినీ కింద గ్రేడ్ బీములతో కట్టిపడెయ్యాలి. పైగా 2002లో భూకంపాల పటం మార్చినప్పుడు మన పక్కంతా జోన్ 3లోకి వచ్చింది. బీములు దండగ, గోడకింద రాయి పేర్చేస్తాను అనే బేల్దారి మాట ఇప్పుడు చెల్లదు. మా తాతల నాటి ఇండ్లు అట్లాగే నిలబడినాయి కదా అంటావు. అవి రెండడుగుల మందం గోడలు, పైన మిద్దె ఒక్కటే. ఇప్పుడు మనం తొమ్మిది అంగుళాల గోడమీద రెండంతస్తులు, ఆపైన నీళ్ళ ట్యాంకు పెడుతున్నాం.

నెల చూసుకోవడం కూడా ఖర్చు తగ్గించే పనే. ఆడి నెలలో మొదలుపెట్టరు, అది అందరికీ తెలుసు. ఆడి కృత్తిక అయినాక ముహూర్తం పెట్టుకుంటే, పర్మిషనూ అవీ అయ్యి గుంతలు తవ్వేసరికి ఐప్పసి వాన నెత్తిమీదికి వస్తుంది. మన పక్క ముఖ్యమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. తెరిచిన గుంతల్లో వాన పడితే అంచులు కూలుతాయి, అడుగు బురదవుతుంది. మోటారు బాడుగ కట్టి తోడి, మెత్తబడిన మన్నంతా మళ్ళీ తీసి, పీసీసీ, అదే అడుగు కాంక్రీటు, వెయ్యాలి. తై నెలలో మొదలుపెడితే చిత్తిరిలోపల బేస్‌మెంటు అయిపోతుంది. బోరు ముందే వేసుకోవాలి, క్యూరింగుకు ట్యాంకరు నీళ్ళు కొంటే అదొక ఖర్చు. చెదల మందు బేస్‌మెంటు నింపేటప్పుడే కొట్టించాలి, తరువాత ఆ అవకాశం రాదు.

పర్మిషను గురించి భయపడొద్దు. 2024 జూలై నుంచి మన తమిళనాడులో 2,500 చదరపు అడుగుల లోపు సైటులో 3,500 దాటని ఇంటికి ఆన్‌లైనులో మనమే రాసిచ్చి అనుమతి తీసుకోవచ్చు. సిమెంటు మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది. మన్నుకు, బ్రేకరుకు, నీళ్ళు తోడడానికి అలాంటి తగ్గింపులేవీ లేవు. అవి నేలను బట్టే ఉంటాయి.

ఇక అగ్రిమెంటు. మొత్తం ఇంటికి చదరపు అడుగు రేటు మాట్లాడుకున్నా సరే, పునాదిని మాత్రం దాంట్లో కలపనివ్వొద్దు. తవ్వకం ఘనపుటడుగుకు ఇంత, కాంక్రీటుకు ఇంత, కమ్మీ కిలోకు ఇంత, మన్ను యూనిట్‌కు ఇంత అని వేరుగా రాయించమను. ఎంత పని జరిగితే అంతకు కొలిచి డబ్బు. లోతు పెరిగితే ఏ రేటు అన్నది ముందే రాసి ఉండాలి, గుంతలో నీళ్ళు ఊరుతున్నప్పుడు బేరం ఆడలేము. బేస్‌మెంటు ఎత్తును రోడ్డు మట్టం నుంచి రాయించాలి. మన్నును లోడ్లతో లెక్కపెట్టొద్దు, టిప్పరు లోపల టేపుతో కొలిచి యూనిట్లలో లెక్కపెట్టాలి. గుంత అడుగు ఇంజనీరు చూసి సరే అన్న తరువాతే పీసీసీ. ఇదంతా అనుమానం కాదు వదినా, మంచి మేస్త్రి అయితే ఆయనకూ ఇదే మేలు. మా తమ్ముడికీ ఆయన మేస్త్రికీ మాటలు పోయింది ఈ కాగితం లేకనే.

మొత్తం బడ్జెట్టులో పునాదికి పది పదిహేను శాతం అనుకుంటారు. గట్టి నేల అయితే అది సరిపోతుంది. మడి అయితే అయిదో వంతుకు పోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి సైటు ధరలో ఎంత మిగులుతుందో చూసి, దాని పక్కనే ఈ మన్ను ఖర్చు రాసుకుని, రెండూ పోల్చి చూడమను. అప్పుడు టౌనుకు దగ్గర్లో గట్టి నేలమీద ఖరీదైన సైటే చవక అని తేలొచ్చు. తేలకపోతే సంతోషంగా అదే కొనండి, నేను వద్దనను. ఒక్కటే అడుగుతున్నా. ఈ ఆదివారం ఒక జేసీబీని మాట్లాడి ఆ సైటులో రెండు గుంతలు తవ్వించి చూడండి, అడ్వాన్సు ఆ తరువాతే ఇవ్వండి.